నెలలు నిండని బిడ్డ: గ్రామము చేయవలసిన పని

గ్రామ పంచాయతీ అనగానే వీధి దీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, ఇంటి పన్నులు మనకు జ్ఞాపకమునకు వచ్చును. ఒక ఇంట బిడ్డ నెలలు నిండకుండ పుట్టినచో, అది ఆ ఇంటివారి అదృష్టమునకో వైద్యుని నేర్పునకో సంబంధించిన విషయమని తలంచి ఊరకుందుము. ఈ తలంపు సరియైనది కాదు. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వానిలో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో కూడిన ఆరోగ్య పారిశుద్ధ్యములు 23వ అంశము. కుటుంబ సంక్షేమము 24వ అంశము. స్త్రీ శిశు అభివృద్ధి 25వ అంశము. కావున ఊరిలో పుట్టు ప్రతి బిడ్డ క్షేమమును విచారించుట పంచాయతీ సభ్యుల పరిధిలోని పనియే.

ఈ పాఠములో మేము చెప్పదలచినది ఒక్కటే. నెలలు నిండని బిడ్డను బ్రతికించు సాధనములలో ఎక్కువ భాగము ఖరీదైన యంత్రములు కావు. సకాలమున ఒక సూదిమందు, సకాలమున ఒక వాహనము, తల్లి ఒంటి వెచ్చదనము, తల్లిపాలు, శుభ్రమైన చేతులు, ఇంటివారికి ధైర్యము చెప్పు ఇరుగుపొరుగు: ఇవియే ప్రధానమైనవి. వీనిలో చాల వరకు బిడ్డ పుట్టకముందే గ్రామములో సిద్ధము చేసికొనదగినవి.

నెలలు నిండుట అనగా నేమి?

గర్భకాలమును చివరిసారి ముట్టయిన మొదటి దినము నుండి లెక్కింతురు. ఆ లెక్కన నిండు గర్భము 280 దినములు, అనగా 40 వారములు. 37 వారములు పూర్తికాకముందు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అందురు. 32 వారములకు ముందు పుట్టినచో ప్రమాదము హెచ్చు. 28 వారములకు ముందైనచో మరింత హెచ్చు. ప్రపంచమున 2020వ సంవత్సరములో సుమారు 1 కోటి 34 లక్షల మంది బిడ్డలు ఇట్లు పుట్టిరి. వారిలో దాదాపు 30 లక్షల మంది మన దేశమువారే. ఆ సంవత్సరమున మరి యే దేశములోను ఇంత సంఖ్య లేదు. ఐదేండ్లలోపు పిల్లల మరణములకు నెలలు నిండక పుట్టుటయే నేడు అన్నింటికంటె పెద్ద కారణము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు మాట యొకటి సభ్యులు బాగుగా గమనింపవలెను. సంపన్న దేశములలో 32 వారములకు పుట్టిన బిడ్డలు దాదాపు అందరును బ్రతుకుచున్నారు. బీద దేశములలో 32 వారములకో, అంతకు ముందో పుట్టినవారిలో సగము మంది చనిపోవుచున్నారు. దీనికి కారణము పెద్ద యంత్రములు లేకపోవుట మాత్రమే కాదు. వెచ్చదనము, తల్లిపాలు, ఊపిరికి సాయము, చీము పట్టకుండ చికిత్స వంటి సామాన్యమైన సదుపాయములు అందకపోవుటయే ముఖ్య కారణము.

మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుననియు, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకదనియు పెద్దలు చెప్పుదురు. ఇది నిజము కాదు. కడుపులో గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఏడవ నెల బిడ్డకంటె ఎనిమిదవ నెల బిడ్డకు బ్రతుకు అవకాశము ఎక్కువ. ఈ అపోహ వలన వైద్యము చేయింపక విడిచిపెట్టిన బిడ్డలు కలరు గనుక దీనిని సభలలో ఖండింపవలెను.

నెలలు నిండని బిడ్డకు లోపములు నాలుగు. చర్మము క్రింద కొవ్వు లేనందున ఒడలు త్వరగా చల్లబడును. ఊపిరితిత్తులు పక్వము కానందున గాలి పీల్చుట కష్టము. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడు పనులను పొందికగా చేయు నేర్పు సుమారు 34 వారములకు గాని రాదు. రోగములను ఎదుర్కొను శక్తి తక్కువ. ఈ నాలుగింటికిని నాలుగు రక్షణలు కలవు. వానిని ఒక ఇంటి కథగా చెప్పుదుము. ఇట్టిది మన గ్రామములలో అనేక కుటుంబముల అనుభవమే గనుక పేర్లతో పని లేదు.

మిరప కోతల నాటి రాత్రి

భార్యాభర్తలు వ్యవసాయ కూలీలు. ఆమె వయస్సు 20 సంవత్సరములు. మొదటి బిడ్డకు ఏడాదిన్నర నిండినదో లేదో, రెండవ కాన్పునకు 31 వారములు నడచుచున్నవి. మిరప కోతల రోజులు. వారము దినములుగా మూత్రములో మంటయు, సాయంకాలము జ్వరమును ఉన్నను, కూలి పోవునని ఆమె ఎవరికిని చెప్పలేదు. ఆ నెల గ్రామ ఆరోగ్య పోషణ దినమునకును పోలేదు.

ఒకనాటి సాయంకాలము నడుము నొప్పి మొదలయ్యెను. అత్తగారు చూచి, "ఇంకా ఎనిమిదో నెలే కదమ్మా, దొంగనొప్పులై ఉంటాయి. జీలకర్ర కషాయం తాగి పడుకో" అనెను. ఆమె కోడలిపై ప్రేమతోనే ఆ మాట చెప్పెను. దొంగనొప్పులు విశ్రాంతితో తగ్గును. ఆగి ఆగి, లెక్క ప్రకారము దగ్గరపడుచు వచ్చు నొప్పులు దొంగనొప్పులు కావు. రాత్రి పదిగంటలకు చీర తడిసెను. అప్పుడు భర్త పోయి ఆశా కార్యకర్తను లేపెను. ఆమె వచ్చి చూచి, "అత్తా, కాసేపు ఆగితే తగ్గేవి కావివి. నీరు కూడా పోతోంది. ఇప్పుడే బండి పిలుస్తున్నాను" అని 108కి ఫోను చేసెను. ఉపకేంద్రమున కాపురమున్న ఏ.ఎన్.ఎమ్. వచ్చి, రక్తపుపోటు చూచి, తొడకు ఒక సూదిమందు ఇచ్చి, ఆ గంటయు మోతాదును చీటీపై వ్రాసి చేతికిచ్చెను. తెల్లవారక ముందే ఆమె జిల్లా ఆసుపత్రికి చేరెను. మరునాటి సాయంకాలము ఆడపిల్ల పుట్టెను. బరువు 1,380 గ్రాములు.

ఇచ్చట రెండు సంగతులు నేర్చుకొనవలెను. మొదటిది, బిడ్డ పుట్టిన పిదప గుడ్డలలో చుట్టి ఆసుపత్రికి పరుగెత్తుటకంటె, బిడ్డ కడుపులో ఉండగనే తల్లిని చేర్చుట మేలు. నెలలు నిండని బిడ్డకు తల్లి గర్భమును మించిన వాహనము లేదు. రెండవది, ఆ సూదిమందు.

ఆ సూదిమందు ఎందులకు?

ఊపిరితిత్తులలోని చిన్న గాలి తిత్తులు ప్రతి ఊపిరికిని ముడుచుకొని అంటుకొనిపోకుండ కాపాడుటకు సబ్బు నురుగును పోలిన ఒక పదార్థము వానిలో ఊరును. నెలలు నిండని బిడ్డలలో అది చాలినంత లేకపోవుటయే వారి ఊపిరి బాధకు కారణమని 1959లో అమెరికా వైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ కనుగొనెను. కారణము తెలిసినను అప్పటికి చికిత్స లేదు. 1963 ఆగస్టు 7వ తేదీన అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నడీకి కుమారుడు ఐదున్నర వారములు ముందుగా పుట్టెను. బరువు సుమారు 2 కిలోల 100 గ్రాములు. దేశాధినేత బిడ్డ యైనను ఈ ఊపిరి బాధ చేతనే 39 గంటలకు మరణించెను. అంతటి బిడ్డను నేడు మన జిల్లా ఆసుపత్రిలో సాధారణముగా బ్రతికింపగలరు.

ఈ మార్పునకు దారి చూపినది ఒక గొఱ్ఱెపిల్ల. న్యూజిలాండు వైద్యుడు లిగిన్స్ గొఱ్ఱెల కాన్పులపై పరిశోధన చేయుచుండగా, స్టిరాయిడు మందు అందిన గొఱ్ఱెపిల్లలు నెలలు నిండకున్నను ఊపిరి తీయగలుగుట చూచెను. 1972లో ఆయనయు, హోవీ అను వైద్యుడును కలిసి, నెలలు నిండకముందే కాన్పు కానున్న తల్లులకు ఈ మందు ఇచ్చినచో బిడ్డల ఊపిరితిత్తులు త్వరగా పక్వమగునని నిరూపించిరి. మందు చవుక, ఇచ్చు విధానము సులభము. అయినను అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు దీనిని అందరు వైద్యులును వాడవలెనని సిఫారసు చేయుటకు 1994 వరకు, అనగా 22 సంవత్సరములు పట్టెను. మన దేశమున 2014లో వెలువడిన మార్గదర్శకముల ప్రకారము 24 నుండి 34 వారముల మధ్య నొప్పులు వచ్చిన తల్లికి ఏ.ఎన్.ఎమ్. సైతము డెక్సామెథసోన్ అను ఈ మందు మొదటి మోతాదు ఇచ్చి, పెద్ద ఆసుపత్రికి పంపవచ్చును. తక్కిన మోతాదులు ఆసుపత్రిలో ఇత్తురు.

తెలిసిన మంచి పని ఆచరణలోనికి వచ్చుటకు ఎంత కాలము వృథాయగునో ఈ చరిత్ర చెప్పుచున్నది. మన ఊరి ఉపకేంద్రమున ఈ మందు నిలువ ఉన్నదా యని అడుగుటకు మాత్రము ఒక నిమిషము చాలును.

గాజు పెట్టెయు, తల్లి రొమ్మును

పుట్టిన బిడ్డను తుడిచి వెచ్చని గుడ్డలో చుట్టి, నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగమునకు కొనిపోయిరి. దీనినే ఎస్.ఎన్.సి.యు. అందురు. పశ్చిమ బెంగాలులోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో ఇట్టి విభాగము నెలకొల్పబడి మంచి ఫలితములు చూపగా, ఆ మార్గమున దేశమునందలి జిల్లాలలో ఇవి ఏర్పడినవి. అచ్చట బిడ్డ ముక్కునకు సన్నని గొట్టము అమర్చి కొంచెము ఒత్తిడితో గాలిని మూడు దినములు పంపిరి. ఊపిరితిత్తులు ముడుచుకొనకుండ ఇది కాపాడును. ఆకుపచ్చ గీతలు కదలు యంత్రములను, నోటిలో సన్నని గొట్టమును, చీమ కుట్టినంతకే కందిపోవునట్లున్న చర్మమును చూచి తల్లి తలుపు దగ్గరనే నిలిచిపోయెను. తాకినచో బిడ్డకు ఏమగునోయని ఆమెకు భయము.

వెచ్చదనము కొరకు యంత్రము కనిపెట్టిన కథ మన రైతులకు సులభముగా బోధపడును. పారిస్ నగరములో 1880 ప్రాంతమున టార్నియే అను ప్రసూతి వైద్యుడు కోడిగుడ్లను పొదిగించు పెట్టెను చూచి, అట్టిదే బిడ్డల కొరకు చేయించెను. అదియే నేటి ఇంక్యుబేటరునకు మూలము. అయితే ఒక శతాబ్ది గడచిన పిదప, 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగొటాలో పెట్టెలు చాలక, ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను ఉంచగా రోగములు అంటుకొనుచుండెను. అప్పుడు ఎడ్గార్ రే అను వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముల నడుమ నిలువుగా ఉంచి గుడ్డతో కట్టు పద్ధతిని ప్రవేశపెట్టెను. కంగారూ జంతువు తన అపక్వమైన పిల్లను పొట్ట సంచిలో ఉంచి పెంచును గనుక దీనికి కంగారూ సంరక్షణ యని పేరు వచ్చెను.

యంత్రములు లేని చోట మాత్రమే ఇది పనికివచ్చునని చాల కాలము తలంచిరి. అది తప్పని తేలినది. మన దేశముతో పాటు ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశములలోని ఐదు ఆసుపత్రులలో 1,000 గ్రాముల నుండి 1,799 గ్రాముల వరకు బరువున్న 3,211 మంది బిడ్డలపై ఒక పరిశీలన జరిగెను. మన దేశమున అది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగినది. 2021లో ప్రకటింపబడిన ఫలితములను బట్టి, బిడ్డ స్థిమితపడు వరకు ఆగి కంగారూ సంరక్షణ మొదలుపెట్టిన వర్గములో 28 దినములలోపు నూటికి దాదాపు 16 మంది చనిపోగా, పుట్టిన కొద్ది గంటలలోనే మొదలుపెట్టిన వర్గములో నూటికి 12 మంది చనిపోయిరి. అనగా మరణములు నాలుగవ వంతు తగ్గినవి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టిన వెంటనే దీనిని ఆరంభించి దినమునకు 8 నుండి 24 గంటలు సాగింపవలెనని సిఫారసు చేసినది.

పద్ధతి ఇది. బిడ్డకు టోపి, మేజోళ్లు, లంగోటీ మాత్రము వేయవలెను. తల్లి చర్మమునకు బిడ్డ చర్మము తగులునట్లు రొమ్ముల నడుమ నిలువుగా ఆనించి, తల ఒక ప్రక్కకు త్రిప్పి, ముక్కు మూసికొనకుండ గడ్డము కొంచెము పైకెత్తి, కాళ్లు కప్ప కాళ్లవలె మడచి, గుడ్డతో కట్టి, పైన రవికెయో దుప్పటియో కప్పవలెను. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొనును. పిల్లికూనను తల్లియే పట్టుకొనును. ఈ బిడ్డ పిల్లికూన వంటిది, పట్టు తల్లిదే. తల్లి భోజనమునకు పోయినపుడు తండ్రియు, నాయనమ్మయు ఇట్లే బిడ్డను ఉంచుకొనవచ్చును.

మన కథలోని తల్లికి రెండవ దినమున నర్సు ఆ విధముగనే బిడ్డను కట్టి కుర్చీలో వెనుకకు ఆనుకొనునట్లు కూర్చుండబెట్టెను. గంట గడచునప్పటికి బిడ్డ పాదములు వెచ్చబడినవి. ఆనాటి నుండి ఆమె తలుపు దగ్గర నిలుచుండలేదు.

ఐదవ దినము

ఐదవ దినమున తూచినప్పుడు బిడ్డ బరువు 1,250 గ్రాములకు దిగెను. చూడవచ్చిన పెదమామగారు తండ్రిని ప్రక్కకు పిలిచి, "ఎనిమిదో నెల పిల్ల నిలవదురా. ఉన్నది కాస్తా తగ్గిపోతోంది. పైగా ఆడపిల్ల. కోతల కూలి పోగొట్టుకుని ఇక్కడ పడి ఉండి ఏం లాభం? ఇంటికి తీసుకుపోదాం" అనెను. తండ్రి కాదనలేకపోయెను. ఇంటివద్ద పెద్దపిల్ల తల్లి కొరకు ఏడ్చుచున్నది. చేతిలోని డబ్బు కాఫీలకును, బస్సు చార్జీలకును అయిపోయెను. వైద్యము ఉచితమైనను, కూలి పోవుటయు తోడుండువారి ఖర్చులును ఉచితము కావు. ఎన్నో బిడ్డలు చికిత్స నడుమ ఇట్లే ఇల్లు చేరి, మరల రారు.

ఆశా కార్యకర్త ఈ సంగతి ఆ వార్డు సభ్యురాలికి ఫోనులో చెప్పెను. ఆమె మరునాటి ఉదయపు బస్సుకే వచ్చి, మొదట వైద్యురాలిని కలిసికొని, పిదప పెదమామగారితో, "పెద్దయ్యా, మొదటి వారం బరువు తగ్గడం ఇలాంటి పిల్లలందరికీ ఉండేదేనట. రెండో వారంలో మళ్లీ ఎక్కుతుందని డాక్టరమ్మ చెప్పింది. పెద్దపిల్లను పగలు అంగన్‌వాడీలో, రాత్రి మా ఇంట్లో ఉంచుకుంటాను. మీరు ఇంటికి రండి, వాళ్లను ఇక్కడ ఉండనివ్వండి" అనెను. మహిళా సంఘము నుండి కొంత అప్పు ఇప్పించెను. నాయనమ్మను తోడుగా నిలిపెను. ఆమె చేసినది ఇంతే. దానికి పంచాయతీ తీర్మానము గాని, నిధి గాని అవసరము కాలేదు. ఆ బిడ్డ బ్రతుకులో సూదిమందునకును, గాలి గొట్టమునకును ఎంత భాగము కలదో, ఆ బస్సు ప్రయాణమునకును అంత భాగము కలదని మా అభిప్రాయము.

ఉగ్గుగిన్నెయు, కంటి పరీక్షయు

బిడ్డకు మొదటి దినమున నోటి గొట్టము ద్వారా పోసినవి 2 మిల్లీలీటర్ల ముర్రుపాలు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయుట మన పల్లెలలో ఇంకను అచ్చటచ్చట కలదు. నెలలు నిండని బిడ్డకు అవి మందుతో సమానము. తల్లి చేతులు కడుగుకొని, మూడు గంటలకొకసారి పాలు పిండి ఇచ్చుచుండెను. 18వ దినము నుండి ఉగ్గుగిన్నెతో పట్టుట మొదలిడిరి. అటుపిమ్మట బిడ్డ రొమ్ము పట్టెను. మన అమ్మమ్మల నాటి ఉగ్గుగిన్నె నేటి ఆధునిక చికిత్సలోను పనికివచ్చుట సంతోషింపదగినదే. అయితే దానిలో పోయవలసినది తల్లిపాలు మాత్రమే. తేనె, ఆముదము, వస, పంచదార నీళ్లు పోయరాదు.

సభ్యులు మరువరాని మరియొక సంగతి కంటి పరీక్ష. 1940, 1950 దశాబ్దములలో ప్రాణవాయువును లెక్కలేకుండ ఇచ్చుట వలన వేలకొలది బిడ్డలు బ్రతికియు చూపు కోల్పోయిరి. 1950లో నెలలు నిండక పుట్టిన ప్రసిద్ధ అమెరికా గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకడు. నేడు ప్రాణవాయువును కొలిచి ఇచ్చుచున్నారు. అయినను నెలలు నిండని బిడ్డ కంటి వెనుక పొరలోని రక్తనాళములు వక్రముగా పెరుగు ప్రమాదము కలదు. పైకి కన్ను బాగుగనే కనిపించును. కావున 34 వారములకు ముందు పుట్టినవారికి, లేక 2,000 గ్రాములకు తక్కువ బరువున్నవారికి, పుట్టిన 30 దినములలోపు కంటి వైద్యునిచే పరీక్ష జరిపింపవలెను. 28 వారములకు ముందు పుట్టినవారికి, లేక 1,200 గ్రాములకు తక్కువ బరువున్నవారికి, రెండు మూడు వారములలోనే జరిపింపవలెను. సకాలమున కనిపెట్టినచో లేజరు చికిత్సతో చూపు నిలుపవచ్చును. ఆలస్యమైనచో ఆ చూపు తిరిగి రాదు. మన బిడ్డకు 27వ దినమున ఈ పరీక్ష జరిగెను. మరి రెండు వారములకు మరల రమ్మనిరి.

ఇంటికి వచ్చిన పిదప

33వ దినమున 1,760 గ్రాముల బరువుతో బిడ్డ ఇల్లు చేరెను. బారసాలకు బంధువులను పిలువవలెనని ఇంటివారు తలంచిరి గాని, నాయనమ్మయే వద్దనెను. ఆసుపత్రిలో నెల దినములు చూచిన అనుభవముతో ఆమె గుమ్మము దగ్గర సబ్బును, నీళ్ల చెంబును ఉంచి, చేతులు కడుగనివారిని లోనికి రానీయలేదు. బిడ్డ బరువు 2,500 గ్రాములు వచ్చు వరకు స్నానము చేయింపక తడిగుడ్డతో తుడిచి, కంగారూ పద్ధతిని కొనసాగించిరి.

బిడ్డ చలిపడినదో లేదో తెలిసికొనుటకు ఇంటిలో ఉష్ణమాపకము లేకున్నను చేతి వెనుక భాగము చాలును. పొట్టయు పాదములును వెచ్చగా ఉన్నచో క్షేమము. పొట్ట వెచ్చగా ఉండి పాదములు చల్లగా ఉన్నచో బిడ్డ చలిపడుచున్నది, వెంటనే రొమ్మున కట్టుకొనవలెను. రెండును చల్లబడినచో అది అపాయము. రొమ్మున కట్టుకొనియే ఆసుపత్రికి పోవలెను. పాలు త్రాగకపోవుట, నిమిషమునకు 60కి మించిన ఊపిరులు, ఊపిరి తీయునపుడు డొక్కలు లోనికి పోవుట, జ్వరము, ఫిట్లు, మత్తుగా పడియుండుట, అరచేతులును అరికాళ్లును పచ్చబడుట: వీనిలో ఏ యొక్కటి కనిపించినను ఆగరాదు.

ఆశా కార్యకర్త ఇండ్లకు పోయి పసిబిడ్డలను చూచుట ఊరకే పుట్టిన పద్ధతి కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్య దంపతుల సంస్థ 39 గ్రామములలో ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఇంటింట సంరక్షణ జరిపించెను. అట్టి సంరక్షణ లేని గ్రామములతో పోల్చగా నెలలోపు శిశు మరణములు 62 శాతము తగ్గినవని 1999లో ప్రకటింపబడెను. 2011లో ఈ పద్ధతి దేశమంతటను ప్రవేశపెట్టబడినది. ఆసుపత్రిలో కాన్పయినచో 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆరుసార్లు, ఇంటిలో కాన్పయినచో మొదటి దినముతో కలిపి ఏడుసార్లు ఆమె ఇంటికి రావలెను.

ఏడాది నిండినను పిల్ల నడువలేదని ఆ తల్లి దిగులుపడెను. తొమ్మిది వారములు ముందుగా పుట్టిన బిడ్డ వయస్సులో ఆ తొమ్మిది వారములు తీసివేసి చూడవలెనని వైద్యురాలు చెప్పెను. 15వ నెలలో పిల్ల నడచెను.

దక్కని బిడ్డలు

అందరును ఇట్లు దక్కరు. అదే విభాగములో ప్రక్క మంచము బిడ్డ పదునొకండవ నాడు చనిపోయెను. తల్లికి పాలు ఆగలేదు, కన్నీరును ఆగలేదు. ఊరికి పోయిన పిదప ఆమెను శుభకార్యములకు పిలువక, ఆమె నడకనో తిండినో తప్పుపట్టువారు ఉందురు. నెలలు నిండకముందు కాన్పగుటకు కారణము చాలసార్లు ఎవరికిని తెలియరాదు. కవలలు, రక్తపుపోటు, మూత్రములో చీము, రక్తహీనత, చిన్నవయస్సు, కాన్పుల నడుమ ఎడము లేకపోవుట, మునుపు ఇట్లే కాన్పగుట వంటివి ప్రమాదమును పెంచును. వీనిలో తల్లి దోషమనదగినది లేదు. ఆమెను నిందింపనీయకుండుట పంచాయతీ పెద్దల ధర్మము.

బ్రతికిన గంట సేపైనను ఆ బిడ్డ పుట్టుకయు, మరణమును 21 దినములలోపు నమోదు కావలెను. 1969వ సంవత్సరపు చట్టము దీనిని నిర్దేశించుచున్నది. లెక్కకు ఎక్కని మరణమునకు కారణము వెదకువారు ఉండరు. కారణము వెదకని ఊరిలో మరుసటి బిడ్డకును రక్షణ ఉండదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. ఊరిలోని గర్భిణుల పట్టికను, ప్రతివారి కాన్పు తేదీతో, ఆశా, ఏ.ఎన్.ఎమ్., అంగన్‌వాడీ కార్యకర్తల వద్ద నుండి తీసికొని నెలకొకసారి చూడవలెను. కవలలు, రక్తపుపోటు, రక్తహీనత కలవారిని, మునుపు ముందుగా కాన్పయినవారిని వేరుగా గుర్తింపవలెను.

2. గ్రామ ఆరోగ్య పోషణ దినమున రక్తపుపోటు, రక్తము, మూత్రము పరీక్షలు జరుగుచున్నవో లేదో ఒక సభ్యుడైనను అచ్చట ఉండి చూడవలెను. కోతల రోజులలో కూలి స్త్రీలు వచ్చుటకు అనువైన వేళను ఏర్పాటు చేయవలెను.

3. 108 వాహనము రాలేనిచో వాడుకొనుటకు ఊరిలోని రెండు కార్లో ఆటోలో ముందుగనే మాట్లాడి, వారి ఫోను నంబర్లు పంచాయతీ గోడపై వ్రాయింపవలెను. వానకాలమున తెగిపోవు దారులను కాన్పుల దృష్టితో కూడ చూడవలెను.

4. ఉపకేంద్రమున డెక్సామెథసోన్ నిలువ ఉండునట్లు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము ద్వారా విచారింపవలెను.

5. 2011 నుండి అమలులోనున్న జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకును, జబ్బుపడిన శిశువులకును వైద్యము, మందులు, పరీక్షలు, రక్తము, రాకపోకలు ఉచితమని ప్రతి ఇంటికి తెలియజేయవలెను. ఎవరైన సొమ్ము అడిగినచో వ్రాతమూలకముగా పైవారికి తెలుపవలెను.

6. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నన్ని దినములు ఆ ఇంటి పెద్దపిల్లలను, పశువులను, చేనును చూచుకొనువారిని ఏర్పరుపవలెను. తండ్రికి సెలవు ఇచ్చునట్లు పనిచేయించువారితో మాట్లాడవలెను.

7. ఆసుపత్రి నుండి వచ్చిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త వచ్చుచున్నదా, కంటి పరీక్షకు పోయినారా యని వార్డు సభ్యులు అడిగి తెలిసికొనవలెను.

8. పదునెనిమిదేండ్లు నిండని బాలిక పెండ్లిని ఆపవలెను. కాన్పునకును మరల గర్భమునకును నడుమ రెండేండ్ల ఎడము ఉండునట్లు దంపతులకు సలహా ఇప్పింపవలెను.

సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

గత సంవత్సరమున మన ఊరిలో నెలలు నిండక పుట్టిన బిడ్డలెందరు? వారిలో ఎందరు బ్రతికిరి? బ్రతుకనివారి పుట్టుకలును, మరణములును నమోదయినవా?

ఈ రాత్రి 12 గంటలకు ఒక తల్లికి నొప్పులు వచ్చినచో ఆమె ఎవరికి ఫోను చేయును? ఏ వాహనమున, ఏ ఆసుపత్రికి, ఎన్ని గంటలలో చేరును?

మన జిల్లాలో నవజాత శిశు చికిత్సా విభాగము ఎచ్చట ఉన్నది? దానిని చూచివచ్చిన సభ్యులు మనలో ఎవరు?

ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదను మాట మన ఊరిలో ఇంకను వినవచ్చుచున్నదా? దానిని మాన్పించుటకు ఎవరు చెప్పినచో ఇంటి పెద్దలు విందురు?

ఈ నాలుగు ప్రశ్నలకును సమాధానములు వ్రాసి పంచాయతీ కార్యాలయమున ఉంచిన గ్రామము, రాబోవు బిడ్డకు సగము రక్షణ కల్పించినదనియే మేము తలంచుచున్నాము. తక్కిన సగమును తల్లియు, వైద్యులును చూచుకొందురు.